పెరట్లో కాసినవాటితో మలయ్ ఇంటి వంటలు: బెలచాన్ లేకుండా ఏవి కుదురుతాయి?

పెరటిపందిరి (షా ఆలం, సెలంగోర్)

అందరికీ నమస్కారం. మేం మలేషియా వచ్చి ఐదేళ్ళయింది. మాది వరసిళ్ళలో చివరి ఇల్లు, పక్కన పన్నెండడుగుల వెడల్పు నేల ఉంది, మొదటేడాది అంతా గడ్డే. పక్కింటి మక్చిక్ (ఇక్కడ పెద్దావిడల్ని అలా పిలుస్తారు, మనం పిన్నిగారూ అన్నట్టు) ఒకరోజు గోడ మీంచి రెండు నిమ్మగడ్డి దుబ్బులు, పిడికెడు పసుపు కొమ్ములు, ఒక కట్ట తూటికూర కాడలు ఇచ్చి పాతుకోమంది. అక్కణ్ణుంచి మొదలైంది, ఇప్పుడు పద్నాలుగు బెండ మొక్కలు, పందిరి నిండా పొడుగు అలసంద కాయలు, గోడమీద గుమ్మడి తీగ, కాలవ పక్కన కర్రపెండలం, రెండు అరటి చెట్లు, కుండీల్లో చిలీ పాడి అనే చిన్న ఘాటు మిరప. వానలు పడుతున్నాయి కదా రోజు విడిచి రోజు కోసినా మిగిలిపోతోంది.

విషయం ఏంటంటే వచ్చే నెల మా అత్తయ్యా మామయ్యా పాలకొల్లు నుంచి వస్తున్నారు, కార్తీకం అంతా ఇక్కడే. అత్తయ్య చేపా రొయ్యా ఎప్పుడూ ముట్టదు, కార్తీకంలో అయితే ఉల్లీ వెల్లుల్లీ కూడా లేదు. మా పిల్లలేమో మక్చిక్ వంటకి అలవాటు పడ్డారు, వారానికి రెండు సార్లు మసాక్ లెమాక్ (కొబ్బరి పాలల్లో వండే కూర) కావాలంటారు. ఆవిడకి వేరే, పిల్లలకి వేరే కాకుండా అందరం ఒకే గిన్నెలోంచి వడ్డించుకోవాలని నా కోరిక. మలయ్ వంటల్లో సగం బెలచాన్‌తోనో ఎండు నెత్తళ్ళతోనో మొదలవుతాయి. అవి తీసేసినా రుచి తగ్గకుండా ఉండే ఇంటి వంటలు తెలిసినవాళ్ళు చెప్పండి. హోటల్ వంటలు కాదు, ఇళ్ళల్లో రోజూ చేసుకునేవి.

బగాన్_కొబ్బరితోట (తెలుక్ ఇంతాన్, పేరాక్)

చెల్లెమ్మా, మంచి ప్రశ్న వేసారు. మేం ఇక్కడ నాలుగో తరం, మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి బగాన్ దాతూక్ కొబ్బరి తోటల పనికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మా ఇంట్లో మా నాయనమ్మ చేసే గుమ్మడికాయ పులుసులో చింతపండుతో పాటు సంతాన్ (కొబ్బరి పాలు) పడేది, అది మన వంటో మలయ్ వంటో మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

మీకు ఒకటే మాట చెప్తాను. బెలచాన్ ఉండే వంటలోంచి బెలచాన్ తీసేసి చెయ్యకండి, అది ఉప్పు లేని పప్పులా ఉంటుంది. అసలు బెలచాన్ అక్కర్లేకుండా పుట్టిన వంటలు చాలా ఉన్నాయి, అవి పట్టుకోండి. మసాక్ లెమాక్ చిలీ ఆపి అందులో మొదటిది. ఇది నెగరి సెంబిలన్ రాష్ట్రం వాళ్ళ సొంత వంట, వాళ్ళ పెద్దలు సుమత్రా నుంచి వచ్చిన మినాంగ్‌కబావు వాళ్ళు, కొబ్బరిపాలూ మిరపా లేకుండా వాళ్ళకి రోజు గడవదు. పచ్చి పసుపు, చిన్న మిరప, నిమ్మగడ్డి, పసుపు ఆకు, కొబ్బరి పాలు, పులుపుకి అసమ్ కెపింగ్ అనే ఎండబెట్టిన పుల్లటి కాయ ముక్క. అంతే. చేప వేస్తే చేపది, గుమ్మడికాయ వేస్తే గుమ్మడికాయది.

మిరపఘాటు (హైదరాబాద్)

అసలు బెలచాన్ అంటే ఏంటి అక్కా. నేను 2019లో కౌలాలంపూర్ వచ్చినప్పుడు తూటికూర వేపుడు తిన్నాను, పేరు కంకుంగ్ బెలచాన్ అన్నారు, ఇప్పటికీ ఆ రుచి నాలిక మీద ఉంది. నేను చేపలు తింటాను నాకు ఆ వంట కూడా చెప్పండి

పెరటిపందిరి

తమ్ముడూ, బెలచాన్ అంటే గెరగావ్ అనే సన్న రొయ్యల్ని ఉప్పేసి దంచి ఎండబెట్టి పులియబెట్టిన ముద్ద, ముదురు గోధుమ రంగులో సబ్బు బిళ్ళలా అమ్ముతారు. పచ్చిది వాసన చూస్తే భయమేస్తుంది. మక్చిక్ ఏం చేస్తుందంటే ఉసిరికాయంత ముక్క తీసి వేళ్ళతో పల్చటి బిళ్ళలా నొక్కి, నూనె లేని పెనం మీద వేసి అటూ ఇటూ తిప్పుతూ కాలుస్తుంది, అంచులు తెల్లబడి పొడిపొడిగా రాలడం మొదలవ్వగానే దించేస్తుంది. అప్పుడా వాసన మారిపోతుంది, మన ఇళ్ళల్లో ఎండు రొయ్యలు వేయించినప్పుడు వీధి చివరి దాకా వస్తుందే అలా.

కంకుంగ్‌కి: నాలుగు ఎర్ర మిరపకాయలు, ఐదు చిన్న ఉల్లిపాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, కాల్చిన బెలచాన్ ఒక చెంచా, రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. నూనె కాస్త ఎక్కువే వేసి ఆ ముద్దని వేయించాలి, నూనె విడిపోయి పైకి తేలే వరకు. దాన్ని ఇక్కడ పెచా మిన్యాక్ అంటారు, నూనె పగలడం అన్నమాట. మన గోంగూర మాంసానికి మసాలాలో నూనె తేలాలి అంటామే అదే. అది తేలకుండా ఆకు వేస్తే పచ్చివాసన పోదు. తేలాక పెద్ద మంట మీద ముందు కాడలు, అర నిమిషం ఆగి ఆకు, రెండే నిమిషాలు, దించెయ్. మూత పెట్టకు, ఆకు నల్లబడుతుంది.

అన్నయ్యగారూ మీరు చెప్పింది మనసుకి పట్టింది. మా మక్చిక్ కూడా కువాలా పిలా ఆవిడే, నెగరి సెంబిలన్. వాళ్ళింట్లో చిలీ ఆపిలో ఉల్లి వెల్లుల్లి అస్సలు వెయ్యరు, నేను ఇన్నాళ్ళూ చూస్తూ కూడా ఇది కార్తీకానికి పనికొచ్చే వంట అని తట్టలేదు!

గోదారి_పిన్ని (అమలాపురం)

అమ్మాయీ, పసుపు ఆకు కూరలో వేస్తారా? మాకు కోనసీమలో కొబ్బరి ఉంది, పెరట్లో సంక్రాంతికని పసుపు మొక్కలు ఉంటాయి, పండగ రోజు పసుపు కొమ్ము ఆకుతో సహా తెచ్చి పొంగలి కుండకి కడతారు కొందరు. కానీ ఆకు వంటలో వెయ్యడం నేను ఎరగను. వాసన ఎలా ఉంటుంది? చేదు రాదూ? ఎంత వెయ్యాలి?

ఇంకోటి, పనసకాయ లేతది దొరుకుతుందా మీకు. మేం పనసపొట్టు ఆవపెట్టి చేస్తాం కదా, వాళ్ళు ఏం చేస్తారో చెప్పు.

దుగ్గిరాల_పసుపు

మేం పసుపు వేసేవాళ్ళం, మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పంట. జూన్‌లో వేస్తే తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. తవ్వేముందు ఆకు కోసి గట్టు మీద పడేస్తాం, ఎండితే కొమ్ములు ఉడకబెట్టేప్పుడు పొయ్యిలో వేస్తాం లేకపోతే అక్కడే కుళ్ళుతుంది. దీన్ని తింటారని ఇవాళే తెలిసింది, ఎకరాలకి ఎకరాల ఆకు పారేసామే అనిపించింది.

ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి, పచ్చగా ఉన్నప్పుడు ఆకు ఎక్కువ కోస్తే దుంప ఊరదు. దుబ్బుకి అడుగునున్న ఆకు ఒకటో రెండో కొయ్యండి, నడిమి మొవ్వ జోలికి వెళ్ళకండి.

పెరటిపందిరి

పిన్నిగారూ, చేదు రాదండీ. ఆకుని చేత్తో నలిపి వాసన చూడండి, పసుపు కొమ్ము వాసన కాదు అది, మామిడల్లం విరిస్తే వస్తుందే కొంచెం అలాంటి చల్లటి వాసన, దాంతో పాటు ఏదో తీపి. నలుగురికి ఒక ఆకు చాలు. నిలువుగా చీల్చి రెండు పాయలూ కలిపి ముడి వేస్తే గిన్నెలో విడిపోదు, తినేముందు తీసెయ్యడం తేలిక. రెండాంగ్‌లో (కొబ్బరి పాలు ఇంకిపోయేదాకా వండే కూర) అయితే సన్నగా దారాల్లా తరిగి కూరలోనే కలిపేస్తారు.

గుమ్మడికాయ చిలీ ఆపి నేను చేసే లెక్క ఇది, మక్చిక్‌ని కొలత అడిగితే అగాక్-అగాక్ అంటుంది, అంటే ఉజ్జాయింపుగా అని, అందుకని నేనే పక్కన నిలబడి కొలిచాను.

గుమ్మడికాయ అరకిలో, తొక్కతోనే పెద్ద ముక్కలు. చిలీ పాడి పది (మా పిల్లలకి నాలుగు, మీ దగ్గర లేకపోతే సన్న పచ్చిమిర్చి). బొటనవేలంత పచ్చి పసుపు కొమ్ము. ఈ రెండూ కొంచెం ఉప్పుతో మెత్తగా నూరాలి, మిక్సీలో కంటే రోట్లో బాగుంటుంది, వేళ్ళు మాత్రం రెండ్రోజులు పచ్చగా ఉంటాయి. నిమ్మగడ్డి రెండు కాడలు, అడుగు తెల్ల భాగం బండతో చితక్కొట్టాలి. ఒక కొబ్బరికాయ కోరుకుని మొదటి పాలు ఒక గ్లాసు, నీళ్ళు పోసి రెండోసారి పిండిన పల్చటి పాలు రెండు గ్లాసులు.

పల్చటి పాలల్లో నూరిన ముద్ద, నిమ్మగడ్డి, గుమ్మడి ముక్కలు వేసి ఉడికించాలి. ముక్క మెత్తబడ్డాక ముడి వేసిన పసుపు ఆకు, అసమ్ కెపింగ్ ఒక ముక్క, చిక్కటి పాలు పోసి మంట తగ్గించి గరిటెతో కింద నుంచి పైకి తీసి పోస్తూ ఉండాలి, ఒకే వైపు. అంచుల్లో సన్న బుడగలు రాగానే ఉప్పు చూసి దించెయ్యాలి. తాలింపు లేదు, నూనె చుక్క లేదు.

పనసకాయ కూడా ఇలాగే వండుతారు పిన్నిగారూ, నంకా మసాక్ లెమాక్ అని. మనలా పొట్టు కొట్టరు, ముక్కలుగా కోసి ముందు ఉడకబెట్టుకుని పాలల్లో వేస్తారు.

హ్యూస్టన్_తోటమాలి

ఇక్కడ పసుపు ఆకు నేను కుండీల్లో పెంచుతున్నా కానీ చలికాలం మొత్తం వాలిపోతుంది, దుంప లోపల ఉండి మార్చి తర్వాత మళ్ళీ వస్తుంది. వేసవిలో ఆకులు కోసి కడిగి తుడిచి జిప్ బ్యాగ్‌లో ఫ్రీజ్ చేసుకుంటే ఆరు నెలలు బానే ఉన్నాయి, రంగు నల్లబడుతుంది వాసన మాత్రం ఉంటుంది.

తూటికూర గురించి అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట: అది ఇక్కడ ఫెడరల్ నాక్షస్ వీడ్ లిస్టులో (హానికర కలుపు మొక్కల జాబితా) ఉంది, చెరువులూ కాలవలూ కమ్మేస్తుందని. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి, మీ ఊరి రూల్ కనుక్కోకుండా కాడలు తెచ్చి నాటకండి. నేను దాని బదులు తోటకూర, చిలగడదుంప తీగ చివర్లు వాడతాను, చిలగడదుంప ఆకు మలయ్ వాళ్ళు కూడా తింటారు కదా?

డబ్బా కొబ్బరి పాలతో చేస్తే చిక్కగా వస్తోంది కానీ ఏదో తేడా, ఎందుకంటారు?

బగాన్_కొబ్బరితోట

తింటారు తమ్ముడూ, పుచుక్ కెలెదెక్ అంటారు, మసాక్ లెమాక్‌లో అద్భుతంగా ఉంటుంది, అందులో చిలగడదుంప ముక్కలు కూడా వేస్తే ఆకూ దుంపా ఒకే గిన్నెలో.

డబ్బా పాల సంగతి. చాలా డబ్బాల్లో పాలు విరక్కుండా చిక్కదనం కోసం గమ్ములు కలుపుతారు, వేడి చేసి మూసేస్తారు, అందుకే తాజా కొబ్బరి తీపి ఉండదు. మా ఊళ్ళో ఇప్పటికీ పొద్దున్నే కోరు తెచ్చుకుని ఇంట్లో పిండుకుంటాం. మీకు కుదరదు కాబట్టి ఫ్రోజెన్ కొబ్బరి కోరు దొరుకుతుంది ఇండియన్ షాపుల్లో, దాన్ని గోరువెచ్చటి నీళ్ళల్లో పది నిమిషాలు నానబెట్టి పిండి చూడండి. కొబ్బరి ముదురు కాయ అయ్యుండాలి, లేత కాయ నీళ్ళకి బాగుంటుంది పాలకి పనికిరాదు.

ఆకుపసరు (విశాఖపట్నం)

పెరటిపందిరి గారూ మీరు కర్రపెండలం ఉందన్నారు కాబట్టి చెప్తున్నాను, నేను ఫార్మసీ చదివినదాన్ని. ఆ లేత ఆకు (పుచుక్ ఉబి) మలయ్ ఇళ్ళల్లో రోజూ తింటారు, నిజమే, కానీ పచ్చిగా ఒక్క ఆకు కూడా నోట్లో పెట్టుకోకూడదు. అందులో నలిగినప్పుడు సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. మక్చిక్ ఆకుని బాగా నలిపి, ఎక్కువ నీళ్ళల్లో మూత లేకుండా మెత్తబడేదాకా ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తుంది చూడండి, అది ఊరికే చేసే పని కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

రెండోది, చెకుర్ మానిస్ అని ఒక ఆకు ఉంది, మన నర్సరీల్లో చక్రముని, మల్టీవిటమిన్ మొక్క అని అమ్ముతున్నారు. కూరగా గుడ్డుతోనో చారులోనో వండుకుని తినడం వాళ్ళ అలవాటు. బరువు తగ్గుతారని పచ్చి రసం తీసుకుని రోజూ తాగి 1990ల్లో తైవాన్‌లో చాలామంది ఊపిరితిత్తులు పాడు చేసుకున్నారు, అది వైద్య పత్రికల్లో నమోదైన సంగతి. ఎవరైనా వాట్సాప్‌లో ఆ జ్యూస్ గురించి పంపిస్తే నమ్మకండి.

పెరటిపందిరి

చాలా మంచి పని చేసారు అండీ చెప్పి. అవును మక్చిక్ రెండు నీళ్ళు మారుస్తుంది, నేను పచ్చదనం పోతుందని ఒకసారి నీళ్ళు తగ్గించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కారణం ఇప్పుడు అర్థమైంది.

సీతాకోక_77 (సింగపూర్)

మాది పన్నెండో అంతస్తు, కారిడార్‌లో ఎనిమిది కుండీలు, అంతకంటే చోటు లేదు. అందులోనే నిమ్మగడ్డి, ఉలమ్ రాజా, సరస్వతి ఆకు (ఇక్కడ పెగాగా), చిలీ పాడి, పాండన్, ఒక లిమావ్ కస్తూరి చెట్టు. లిమావ్ కస్తూరి అంటే గోళీకాయంత నిమ్మకాయ, లోపల నారింజ రంగు, వాసన మాత్రం మన నిమ్మకాయ కాదు.

మీ అత్తగారికి నేను చెప్పేది ఉలమ్, కెరాబు. ఉలమ్ అంటే వండరు, పచ్చి ఆకులూ లేత కాయలూ కడిగి పళ్ళెంలో పెట్టుకుని అన్నంతో నంజుకోవడమే. మనం ముద్దపప్పులో ఉల్లిపాయ నంజుకున్నట్టు వాళ్ళు ఆకు నంజుకుంటారు. ఉలమ్ రాజా ఆకు కొంచెం పచ్చి మామిడికాయ వాసన వస్తుంది నోట్లో. దాంతో సంబల్ బెలచాన్ (బెలచాన్ వేసి నూరిన మిరప పచ్చడి) తింటారు మామూలుగా, మీ ఇంట్లో దాని బదులు కొబ్బరి పచ్చడి పెట్టండి ఏం పర్లేదు.

కెరాబు అంటే కెరిసిక్ కలిపిన సాలడ్ లాంటిది. కెరిసిక్ చెయ్యడం తెలిస్తే సగం మలయ్ వంట వచ్చినట్టే. కొబ్బరి కోరుని మందపాటి మూకుట్లో సన్న సెగ మీద నూనె లేకుండా వేయించాలి, ఇరవై నిమిషాలు కదలకూడదు అక్కణ్ణుంచి. ముందు తెలుపు, తర్వాత గోధుమ, తర్వాత మన వేరుశనగ గుళ్ళు వేగినప్పటి రంగు. వేడి మీదే రోట్లో వేసి దంచాలి, మొదట పొడిలా ఉంటుంది, దంచుతుంటే కాసేపటికి కొబ్బరి తన నూనె తానే వదిలి నువ్వుల ముద్దలా నిగనిగలాడుతుంది. సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు. పొడుగు అలసంద కాయలు సన్నగా తరిగి ఒక్క నిమిషం వేడి నీళ్ళల్లో వేసి తీసి, కెరిసిక్ రెండు చెంచాలు, దంచిన మిరప, ఉప్పు, లిమావ్ రసం. అరటిపువ్వుతో కూడా ఇదే. మామూలు రోజుల్లో అయితే ఇందులో ఎండు రొయ్యల పొడి, చిన్న ఉల్లి పడతాయి, అవి లేకుండా కూడా కెరిసిక్ నిలబెడుతుంది.

మిరపఘాటు

శాకాహారులకి బెలచాన్ బదులు తావ్చు (పులిసిన సోయా గింజల ముద్ద) వేస్తే ఆ రుచి వస్తుందని ఒక వీడియోలో చూశాను, వేయించుకుని వాడొచ్చట

బగాన్_కొబ్బరితోట

తావ్చు మంచి వస్తువే, దానికి దాని వంటలున్నాయి. కానీ బెలచాన్ స్థానంలో పెట్టి ఇది అదే అనుకోమంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నా అభిప్రాయం ముందే చెప్పాను. ఆ పెద్దావిడ కార్తీకంలో వస్తోంది, ఆవిడకి ఏదో లేని రుచికి నకలు పెట్టడం ఎందుకు, ఉన్నదే నిండుగా పెట్టొచ్చు కదా.

సీతాకోక_77

నేనైతే రెండిటికీ చోటుంది అంటాను అన్నయ్యా. మా ఆఫీసులో శాకాహారి మలయ్ అమ్మాయి ఒకరు తావ్చుతోనే సంబల్ చేసుకుంటుంది, అది తన ఇంటి రుచి అయిపోయింది. అయితే ఈ సందర్భానికి మాత్రం మీ మాటే సరి.

ఆకుపసరు

కొబ్బరిపాలు రోజూ అంటే మామయ్యగారి వయసుకి కొలెస్ట్రాల్ ఏమైనా ఉందా చూసుకోండి. వాళ్ళింట్లో కూడా రోజూ లెమాక్ చెయ్యరు కదా?

పెరటిపందిరి

చెయ్యరండీ, వారంలో రెండు మూడు రోజులే. మిగతా రోజులు మసాక్ ఆయిర్ అని నీళ్ళతో చేస్తారు, తోటకూర, మొక్కజొన్న పొత్తు ముక్కలు, చిలగడదుంప వేసి ఉప్పు నీళ్ళల్లో ఉడకబెట్టిన పల్చటి చారు. వాళ్ళు నెత్తళ్ళు వేస్తారు, నేను వదిలేసి మిరియాలు దంచి వేస్తాను. జ్వరం వచ్చినప్పుడు కూడా అదే.

మధ్యలో ఒక ప్రశ్న, అలసంద తీగ చివర్లకి నల్లటి పేనుబంక పట్టింది, చీమలు బారులు తీరుతున్నాయి. రేపో మాపో పూత మాడిపోతుందేమో.

దుగ్గిరాల_పసుపు

ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడిగెయ్యండి, ఆకు అడుగు భాగం కూడా. పట్టిన చివర్లు తుంచేసి దూరంగా పారెయ్యండి. సాయంత్రం పూట లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి కొట్టండి, వారానికి ఒకసారి చొప్పున మూడు సార్లు. ఎండలో కొట్టొద్దు ఆకు మాడుతుంది. మీది వాన ప్రాంతం, కొట్టిన రెండు గంటల్లో వాన పడితే మళ్ళీ కొట్టాల్సిందే. చీమల్ని కూడా చూడండి, పేనుబంకని కాపాడేది అవే.

పెరటిపందిరి (ఆరు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని ఆగి ఆగి ఇవాళ కూర్చున్నాను. అత్తయ్యా వాళ్ళు వచ్చి నెల దాటింది.

మొదటి రోజు వంట చెడింది. వాళ్ళు విమానం దిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, నేను చిలీ ఆపి పొయ్యి మీద పెట్టి చిక్కటి పాలు పోసి తలుపు చప్పుడవగానే మూత పెట్టి పరిగెత్తాను. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి మంచినీళ్ళిచ్చి వచ్చేసరికి పాలు విరిగి పైన నూనె కింద నీళ్ళు, మధ్యలో తెల్లటి పలుకులు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య వంటింట్లోకి వచ్చి గరిటెతో కలిపి చూసి, కాసిని బియ్యప్పిండి ఉందా అమ్మా అంది, చెంచాడు పిండి చన్నీళ్ళల్లో జారుగా కలిపి పోసి సన్న సెగ మీద ఐదు నిమిషాలు తిప్పింది. పూర్తిగా కలవలేదు కానీ పులుసులా దగ్గరపడింది. మజ్జిగపులుసు విరక్కుండా మనం వేసే పిండే కదా అంది. ఆ రోజు అదే తిన్నారు, మామయ్య రెండోసారి వేయించుకున్నారు.

రెండో వారం మక్చిక్ గేటు దగ్గరికి వచ్చి అత్తయ్యని పలకరించింది. ఈవిడకి మలయ్ రాదు ఆవిడకి తెలుగు రాదు, నేను మధ్యలో. మక్చిక్ చేతిలో తన పెరటి అరటిపువ్వు. ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని ఒలిచారు. అత్తయ్య ఒక్కో పువ్వులోంచి నడిమి కాడ, పక్కన పల్చటి పొర తీసి మజ్జిగ నీళ్ళల్లో వేస్తోంది. మక్చిక్ అలా ఏమీ చెయ్యట్లేదు, పైన ఎర్ర రేకులు తీసేసి లోపలి లేత మొగ్గని అలాగే నాలుగు చీలికలు చేసి ఉడకబెట్టెయ్యమంది. ఒకే గెల పువ్వు, సగం ఇలా సగం అలా. ఒక సగం ఆవపెట్టిన కూర, ఇంకో సగం కెరిసిక్ కెరాబు. మనం వండింది ఇచ్చేముందు వాళ్ళని అడిగి ఇస్తాను నేను ఎప్పుడూ, హలాల్ వాళ్ళకి ముఖ్యం కదా. ఆవ పెట్టిన కూర కూరగాయ ఒక్కటే అని చెప్పి ఇచ్చాను, సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది, అందులో వాళ్ళ లిమావ్ కస్తూరి కాయలు పది. ఉత్త గిన్నె తిరిగివ్వకూడదని వాళ్ళకీ ఉంది.

అత్తయ్యకి బాగా నచ్చింది ఏంటంటే పసుపు ఆకు. సోమవారాలు ఉపవాసం ఉండి రాత్రి తినేప్పుడు గుమ్మడికాయ చిలీ ఆపి చెయ్యమని తనే అడిగింది, మిరపకాయలు మాత్రం రెండే. ఉలమ్ మాత్రం ఆవిడకి ఎక్కలేదు, పచ్చి ఆకు మేకలు తింటాయమ్మా అని పక్కన పెట్టేసింది, నేనూ బలవంతం చెయ్యలేదు. మామయ్య సరస్వతి ఆకు మాత్రం రోజూ నాలుగు నములుతున్నారు.

నాసి లెమాక్ కూడా చేశాను ఒక ఆదివారం పొద్దున్న, కొబ్బరి పాలల్లో పాండన్ ఆకు వేసి వండిన అన్నం, నెత్తళ్ళ సంబల్ బదులు వేరుశనగ గుళ్ళు, దోసకాయ ముక్కలు, వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు). 2024 డిసెంబర్‌లో మలేషియా పొద్దుటి ఫలహారాల సంస్కృతిని యునెస్కో జాబితాలో చేర్చినప్పుడు రోటీ చనాయ్ (పరాటా), తే తారిక్‌తో (పాల టీ) పాటు ఇది కూడా ఉంది కదా, మా అబ్బాయి ఆ సంగతి తాతగారికి గొప్పగా చెప్పాడు.

పేనుబంక పోయింది బాబాయ్ గారూ, మూడో సారికి. అలసంద మళ్ళీ పూతకొచ్చింది.

గోదారి_పిన్ని

చదువుతుంటే మీ అరుగు మీద నేనూ కూర్చున్నట్టుంది. నేనూ చేశానమ్మా, మా పెరట్లో పసుపు ఆకు ఒకటి కోసి ముడేసి మన గుమ్మడికాయతో. నిమ్మగడ్డి పక్కింటి వాళ్ళ టీ కోసం పెంచుకున్నది అడిగి తెచ్చాను. అసమ్ కెపింగ్ లేదు, చింతపండు రెక్క ఒకటి వేశాను. మా ఆయన అన్నంలో కలుపుకుని ఇదేం కూర అని అడగలేదు, మళ్ళీ ఎప్పుడు అని అడిగారు. కోనసీమలో కొబ్బరికి కరువా, ఇన్నేళ్ళూ కొబ్బరి పచ్చడి, కొబ్బరి అన్నం, లౌజు తప్ప పాలల్లో కూరగాయ ఉడికించాలని ఎందుకు తోచలేదో.

హ్యూస్టన్_తోటమాలి

ఫ్రోజెన్ కోరుతో పాలు పిండాను, తేడా నిజంగా ఉంది, థాంక్స్ బగాన్ అన్నా. చిలగడదుంప ఆకు లెమాక్ మా ఇంట్లో ఇప్పుడు ప్రతి శనివారం.

పెరటిపందిరి

చివరిగా ఒకటి అడగాలి. అత్తయ్యా వాళ్ళ తిరుగు టికెట్ నవంబర్ చివర్లో, ఒక పసుపు దుబ్బు ఇక్కణ్ణుంచి పాలకొల్లు పట్టుకెళ్తాను అంటోంది, మక్చిక్ చేత్తో ఇచ్చిన జాతి అని. పంపించొచ్చా?

ఆకుపసరు

మట్టితో ఉన్న మొక్కలూ దుంపలూ కాగితాలు లేకుండా విమానంలో తేవద్దండీ, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, పైగా తెగుళ్ళు కూడా వస్తాయి వాటితో.

దుగ్గిరాల_పసుపు

అమ్మా అక్కడి దుబ్బు అవసరం లేదు, పసుపు పసుపే. అత్తగారు నవంబర్ చివర్లో దిగితే మా చేలో ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, సంక్రాంతి దాటితే పండిపోవడం మొదలవుతుంది. పాలకొల్లు మాకు పెద్ద దూరం కాదు. వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, దుబ్బుకి ఒక్క ఆకు చొప్పున కోసి తడిగుడ్డలో చుట్టి బస్సుకి వేస్తాను. విత్తనం కొమ్ములు కావాలంటే మార్చిలో తవ్వాక ఇస్తాను, మే నెల దాకా నీడలో ఉంచి మొదటి వాన పడ్డాక పెట్టుకోమనండి.